పంది రక్తంలో నాలుగు రోజులు: దోమకాటు వైరస్‌ను నెల్లూరు పల్లెల్లో పట్టుకునే పద్ధతి

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, ఇంకా తెల్లవారకముందే ఫోన్ మోగింది. కోవూరు దాటి లోపలికి వెళితే పెన్నా కాలువ కింద ఒక పల్లె. పందుల దొడ్డి ముందు గోనెపట్టా పరిచి, ఆ రాత్రి ఈనిన పిల్లల్ని దాని మీద వరసగా పెట్టింది ఆ ఇంటి ముసలమ్మ. మొత్తం తొమ్మిది. రెండు బతికున్నాయి, అందులో ఒకటి నిలబడలేక వణుకుతోంది. మూడు నిండుగా పెరిగి చచ్చిపుట్టాయి. మిగతా నాలుగూ నల్లగా బిగుసుకుపోయి, పాత చింతపండు ముద్దల్లా ఉన్నాయి. ఒకటి అరచేతిలో పట్టేంత, ఇంకొకటి జానెడు. తల్లి పంది మాత్రం కుడితి తొట్టిలో మూతి పెట్టి సుబ్బరంగా తాగుతోంది.

"దానికేం కాలేదు సామీ, లోపల పిల్లలకే ఏదో అయింది" అంది ఆమె.

రోగ నిర్ధారణలో సగం ఆ మాటలోనే ఉంది. మిగతా సగం ఎలా రాబట్టాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ రోజు నేను రాబట్టలేకపోయాను. ఎందుకో మధ్యలో చెబుతాను. పశువైద్యంలో కొత్తగా చేరినవాళ్లనీ, వెటర్నరీ పీజీ విద్యార్థులనీ, రైతు సేవా కేంద్రాల్లో పనిచేసే సహాయకులనీ దృష్టిలో పెట్టుకున్నాను. రక్తం తీయడం, కోసి చూడడం పశువైద్యుడి పని. తేదీలు రాయడం, దోమలు పట్టడం, కాపరితో మాట్లాడడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. నిజానికి పని చెడేది ఎక్కువగా అక్కడే.

ముందు తెలిసిన వైరస్‌ను ఎరిగి ఉండాలి

కొత్త వైరస్‌ను గుర్తుపట్టాలంటే పాతదాని నడక బాగా తెలియాలి. పందులూ దోమల విషయంలో మన దగ్గర ఆ కొలబద్ద జపనీస్ ఎన్‌సెఫలైటిస్. జనం నోట్లో మెదడువాపు, డిపార్ట్‌మెంట్‌లో జేఈ. ఇండియాలో మనుషుల్లో దీన్ని మొదట గుర్తించింది 1955లో, మనకు ఎంతో దూరం లేని తమిళనాడు వెల్లూరులో. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం జిల్లాలో పిల్లల్ని పట్టి కుదిపింది. వైరస్ సోకిన మనుషుల్లో చాలామందికి ఏమీ కాదు. సుమారు 250 మందిలో ఒకరికి మెదడు దాకా వెళుతుంది. అలా వెళ్లినవాళ్లలో 20 నుంచి 30 శాతం మంది బతకరు.

దాని దారి ఇలా ఉంటుంది. కొంగ జాతి పక్షుల్లో వైరస్ నిలకడగా తిరుగుతుంటుంది. వరిమళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమలు, ముఖ్యంగా క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్, దాని అన్నదమ్ముల్లాంటి క్యూలెక్స్ విష్ణుయి, దాన్ని పక్షుల నుంచి పందికి ఎక్కిస్తాయి. పందిలో అది ఒక్కసారిగా పెరుగుతుంది. కుట్టిన ఒకటి రెండు రోజుల్లో రక్తంలోకి వచ్చి, రెండు నుంచి నాలుగు రోజులు ఉండి, మాయమవుతుంది. ఆ నాలుగు రోజుల్లో ఆ పందిని కుట్టిన దోమలు వైరస్ మోసుకుపోతాయి. మనిషి రక్తంలో దోమకు అంటేంత వైరస్ పుట్టదు. అందుకే మనిషి దగ్గర దాని ప్రయాణం ఆగిపోతుంది. ఆవులు, గేదెలు కూడా అంతే: దోమలు వాటిమీద విందు చేసుకుంటాయి గానీ వైరస్ వాటిలో పెద్దగా పెరగదు.

మన నేల దీనికి ఎలా అమరిందో చూడండి. నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నాట్లు, నీళ్లు, కొంగలు. ఆపైన ఎండాకాలంలో ఎడగారు వరి వేసినచోట దోమకు రెండోసారి మడి దొరుకుతుంది. కాలువ కింద బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు, ఇందుకూరుపేట ఒక రకం. ఉదయగిరి మెట్ట ఇంకో రకం. పాత ప్రకాశం జిల్లాలో సాగర్ కాలువ నీళ్లు అందే దర్శి వైపు ఒక తీరు, కనిగిరి వైపు ఎండిన చేలు మరో తీరు. ఈ తేడా పరిశోధకుడికి వరం లాంటిది. తడి పల్లెలో కనిపించింది మెట్ట పల్లెలో కనిపించకపోతే, దోమ మీద అనుమానం బలపడినట్టే. అధ్యయనం మొదలుపెట్టేటప్పుడే రెండు రకాల పల్లెలూ ఎంచుకోండి. ఒక్క కాలువ కింద పల్లెలే చూసి వచ్చి "అన్నిచోట్లా ఉంది" అని రాసిన రిపోర్టులు చూశాను. వాళ్లు వెళ్లింది ఉన్నచోటికే కదా మరి.

ఎండిన పిల్లను స్కేలుతో కొలవండి

పెద్ద పందికి జేఈ వస్తే సాధారణంగా ఏమీ కనిపించదు. మహా అయితే ఒకటి రెండు రోజులు జ్వరం. బయటపడేది రెండుచోట్ల. చూడి పందిలో పిల్లలు చావడం, ఈసుకుపోవడం. మగపందిలో వృషణాలు వాచి, కొన్నాళ్లు కట్టు నిలవకపోవడం. కాబట్టి కాపరిని "మీ పందులకు జ్వరం ఉందా" అని అడిగితే లాభం లేదు. "ఈ మూడు నెలల్లో ఎన్ని ఈనాయి, ఎన్ని పిల్లలు బతికాయి, నల్లగా ఎండినవి పడ్డాయా, మగపంది ఎప్పుడైనా దాటకుండా ఊరుకుందా" అని అడగండి.

ఎండిన పిల్లలు పడితే పారేయొద్దు. ఒక్కొక్కదాన్ని నడినెత్తి నుంచి తోక మొదలు దాకా సెంటీమీటర్లలో కొలవండి. ఆ అంకెను మూడుతో గుణించి 21 కలపండి. పిండం సుమారుగా ఎన్నో రోజున చనిపోయిందో వస్తుంది. ఎండినప్పుడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి అటూ ఇటూ కొన్ని రోజులు తేడా ఉంటుంది. అయినా పల్లెలో అంతకన్నా మంచి గడియారం దొరకదు.

ఆ గోనెపట్టా మీదున్న వాటిలో అన్నిటికన్నా చిన్నది 10 సెంటీమీటర్లు. అంటే 51వ రోజు. పంది చూడి 114 రోజులు: మూడు నెలల మూడు వారాల మూడు రోజులు అని గుర్తుంచుకుంటాం. జనవరి 10న ఈనింది కాబట్టి సెప్టెంబరు 18 ప్రాంతంలో కట్టింది. అక్కడి నుంచి 51 రోజులు లెక్కపెడితే నవంబరు 8. తల్లి రక్తం నుంచి మాయ దాటి పిండానికి చేరడానికి వారం పైన పడుతుంది. అంటే అక్టోబరు ఆఖర్లో, తొలి పెద్ద వానలు పడి నాట్లు మొదలైన రోజుల్లో దోమ కుట్టి ఉండాలి. 14 సెంటీమీటర్ల పిల్ల నవంబరు 20 దాకా బతికింది. వైరస్ ఒక పిల్ల నుంచి పక్క పిల్లకు మెల్లగా పాకిందన్నమాట. పరిమాణాలు ఒక్కలా లేకపోవడానికి కారణం అదే.

ఈ లెక్క వేశాకే నాకు ఒక విషయం తలకెక్కింది. నేను జనవరిలో తల్లి రక్తం తీసి వైరస్ కోసం వెతకడం అంటే, రెండు నెలల కిందట స్టేషన్ దాటిపోయిన బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడడమే. తల్లిలో ఇక దొరికేది యాంటీబాడీలే. వైరస్ కావాలంటే రెండు దారులు: చచ్చిపుట్టిన పిల్లల మెదడు, లేదా ఇప్పుడిప్పుడే దోమలు కుడుతున్న లేత పందులు.

దోమే అనుకుని కూర్చోవద్దు

ఇక్కడ కాసేపు ఆగాలి. 1998 చివర్లో మలేషియాలో పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లకు మెదడువాపు మొదలైంది. పందులున్నాయి, దోమలున్నాయి, జేఈ అనేశారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జబ్బు ఆగలేదు. కాస్త నింపాదిగా చూసి ఉంటే తేడా కళ్లెదుటే ఉంది: జేఈ ఎక్కువగా పిల్లలకు వస్తుంది, ఇక్కడ పడిపోతున్నది పందుల్ని చేత్తో ముట్టుకునే పెద్దవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లూ పడిపోయారు. పందులు కూడా గట్టిగా దగ్గుతున్నాయి. 1999లో వైరస్‌ను వేరుచేసి, సుంగై నిపా అనే ఊరి పేరు మీద నిపా అన్నారు. దానికి దోమతో సంబంధమే లేదు, మూలం గబ్బిలం. అది ఆగేసరికి 105 మంది చనిపోయారు, పది లక్షలకు పైగా పందుల్ని చంపారు.

కాబట్టి అనుమానాల జాబితా చేతిలో ఉండాలి. తల్లి పుష్టిగా ఉండి, రకరకాల సైజుల్లో ఎండిన పిల్లలు పడితే జేఈతో పాటు పార్వో వైరస్ కూడా అంతే బలమైన అనుమానితుడు. చూపుతో వాటిని విడదీయలేం. నిండుగా పెరిగి చచ్చిపుట్టినవీ, వణికేవీ, తలలో నీరు చేరినవీ ఉంటే తూకం జేఈ వైపు కొంచెం మొగ్గుతుంది. తల్లికే తీవ్ర జ్వరం వచ్చి చెవులు, పొట్ట ఎర్రబడి దొడ్డిలో పెద్దవీ చస్తుంటే అది స్వైన్ ఫీవర్ దారి. క్లాసికల్ ఎప్పటి నుంచో మన దేశంలో ఉంది, ఆఫ్రికన్ 2020లో అస్సాం, అరుణాచల్‌లలో అడుగుపెట్టింది. పీఆర్‌ఆర్‌ఎస్ (ఈతల్నీ ఊపిరితిత్తుల్నీ చెడగొట్టే పంది వైరస్) అయితే దగ్గు, ఆయాసం కూడా ఉంటాయి. బ్రూసెల్లా, లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియాల్ని మర్చిపోవద్దు. దోమకాటుతో వచ్చే వాటిలోనే జేఈ కాకుండా గేటా వైరస్ ఉంది. అది గుర్రాల్లోనూ పందుల్లోనూ తిరుగుతుంది, చంటి పందిపిల్లల్ని చంపుతుంది. స్వైన్ ఫీవర్ అనుమానం ఏమాత్రం ఉన్నా దొడ్డి నుంచి పందిని కదలనివ్వొద్దు, మాంసం బయటికి పోనివ్వొద్దు, అదే రోజు పైఅధికారులకు రాతపూర్వకంగా తెలపండి. పశువుల అంటువ్యాధుల మీద 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం అది మన బాధ్యత.

దొడ్డిలోకి ఎలా వెళ్లాలి

మన రెండు జిల్లాల్లో పందులు పెంచేవాళ్లలో ఎక్కువమంది ఎరుకలవాళ్లు. మెదడువాపు అన్న మాట ఊళ్లో వినపడితే మర్నాడు ఏం జరుగుతుందో వాళ్లకు అనుభవం: పందులు పట్టే బండి వస్తుంది. అందుకే చేతిలో ట్యూబులతో వెళితే "మా పందులు బాగానే ఉండాయి" అన్న జవాబు తప్ప ఇంకేం రాదు. అది అబద్ధమని కోప్పడేవాళ్లున్నారు. నేనైతే వాళ్ల స్థానంలో అదే చెబుతాను.

మొదటిసారి రక్తం అడగొద్దు. నులిపురుగుల మందు తీసుకెళ్లండి. పిల్లల విరేచనాలకు ఏదైనా చేయండి. పుండ్లుంటే శుభ్రం చేయండి. రెండోసారి ఈతల గురించి అడగండి. మీరు ఏం వెతుకుతున్నారో, దొరికితే ఏం చేస్తారో, ఏం చేయరో స్పష్టంగా చెప్పండి. చేయలేనిది ఒప్పుకోవద్దు. పంది పేరు, యజమాని పేరు రిపోర్టులో బయటికి రావని చెబితే, రాకుండా చూడండి. ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడడం ముఖ్యం. ఏ పంది ఎప్పుడు కట్టిందో, ఎన్ని పిల్లలు పడ్డాయో కచ్చితంగా చెప్పేది వాళ్లే. మగవాళ్లు "ఓ నెల అయుంటాది" అంటారు. ఆడవాళ్లు "వినాయక చవితికి మూడు దినాలు ముందు" అంటారు. పండగను తేదీగా మార్చుకోవడం మీ పని.

చేతులకు రెండు జతల గ్లవ్స్, కళ్లజోడు, ఎన్95 మాస్కు, రబ్బరు బూట్లు తప్పనిసరి. దోమకాటు వైరస్‌కు మాస్కెందుకు అంటే, అది దోమకాటు వైరసే అని మీకు ఇంకా తెలియదు కాబట్టి. మలేషియా గుర్తుంది కదా. ఈ పని క్రమంగా చేసేవాళ్లు జేఈ టీకా వేయించుకోండి. కోలార్‌లో దొరికిన వైరస్‌తో హైదరాబాదులోనే తయారైన జెన్‌వ్యాక్ 2013 నుంచి ఉంది.

ఏ పందులు, ఎన్ని, ఎన్నిసార్లు

లేత పందులే మనకు సాక్షులు. ముసలి పందికి పోయినేడు, అంతకుముందేడు కుట్టిన దోమల లెక్క అంతా రక్తంలో ఉంటుంది. దాన్నిబట్టి ఇప్పుడు వైరస్ తిరుగుతోందో లేదో చెప్పలేం. మరీ చంటిపిల్లలో తల్లి జున్నుపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు రెండు నుంచి నాలుగు నెలలు ఉంటాయి. కాబట్టి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, పోయిన వానల తర్వాత పుట్టినవి ఎంచుకోండి. వీటిలో యాంటీబాడీ కనిపించిందంటే అది ఈ సీజన్‌దే. జపాన్‌లో 1960ల నుంచి ఏటా వేసవిలో కబేళాకు వచ్చే లేత పందుల రక్తం పరీక్షించి, ఏ ప్రాంతంలో వైరస్ మొదలైందో ఇలాగే చెబుతున్నారు.

ఎన్ని పందులు అన్న ప్రశ్నకు లెక్క సులువు. వందలో పది పందులకు సోకి ఉంటే, వాటిలో కనీసం ఒకటైనా మన చేతికి చిక్కడానికి 95 శాతం నమ్మకం కావాలంటే 29 పందుల రక్తం తీయాలి. వందలో అయిదింటికే ఉంటే 59. మొత్తం నలభై పందులే ఉన్న పల్లెలో ఈ సంఖ్య కొద్దిగా తగ్గుతుంది. కానీ అన్నిటినీ ఒక్కసారి తీయడం కన్నా, పది పదిహేను లేత పందులకు చెవి ట్యాగు వేసి, సెప్టెంబరు ఆఖరు నుంచి జనవరి దాకా రెండు వారాలకోసారి అవే పందుల రక్తం తీయడం ఎంతో మేలు. పోయినసారి నెగెటివ్, ఈసారి పాజిటివ్ అని ఒక్క పంది చూపించినా, ఆ రెండు వారాల్లో ఆ ఊళ్లో వైరస్ తిరిగిందని గట్టిగా చెప్పొచ్చు. ఇది చికిత్స కాదు, పరిశోధన. సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోండి.

రక్తం

ఇరవై కిలోల లోపు పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, ముందుకాళ్లు వెనక్కి లాగి పట్టుకోవాలి. మెడ నిటారుగా ఉంటే రొమ్ము ఎముక మొన పక్కన చిన్న గుంట కనిపిస్తుంది. ఎప్పుడూ కుడివైపు గుంటలోనే సూది పెట్టండి. ఎడమవైపు నరాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. 20 గేజి సూది చాలు, గురి ఎదుటి భుజం పైభాగం వైపు. పెద్ద పందికి పైదవడకు ఉచ్చు వేసి నిలబెట్టి 18 గేజితో తీయాలి. అరుపులకు ఊరంతా వస్తుంది. చుట్టూ మూగిన పిల్లల్ని ముందే దూరం పంపేయండి.

గడ్డకట్టే ట్యూబులో 5 మిల్లీలీటర్లు, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో 2. మొదటిదాన్ని వెంటనే ఐసులో పెట్టొద్దు. నీడలో అరగంట నుంచి గంట నిలబెడితే గడ్డ కట్టి సీరం పైకి తేలుతుంది. దాన్ని వేరే వయల్‌లోకి తీసి అప్పుడు ఐసులో పెట్టండి. గడ్డతో సహా ఫ్రీజర్లో పెడితే రక్తకణాలు పగిలి సీరం ఎర్రబడి, పరీక్షకు పనికిరాదు. ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేరేలా ఉంటే 4 డిగ్రీలు చాలు. అంతకు మించితే మైనస్ 80 కావాలి. మామూలు ఫ్రీజర్‌లోని మైనస్ 20 యాంటీబాడీలకు సరిపోతుంది గానీ బతికున్న వైరస్‌కు మంచిది కాదు. పల్లెలో మైనస్ 80 ఎక్కడిది అంటారా? పశువుల ఆసుపత్రుల్లో ఎద్దుల వీర్యం దాచే లిక్విడ్ నైట్రోజన్ క్యాన్లుంటాయి. ఖాళీది ఒకటి ఈ పనికే ప్రత్యేకంగా అడిగి తెచ్చుకోండి. ఒంగోలు ఎద్దు వీర్యం ఉన్న క్యాన్‌లో పంది శాంపిల్ ముంచారంటే మాత్రం నేనే వచ్చి కంప్లైంట్ ఇస్తాను.

ఇప్పుడు నా తప్పు. ఆ జనవరి ఉదయం తల్లి రక్తం, బతికిన రెండు పిల్లల రక్తం, మూడు మెదడు ముక్కలు అన్నీ పద్ధతిగానే తీశాను. పేర్లు జెల్ పెన్నుతో రాశాను. ఐసు పెట్టెలో చెమ్మకు నెల్లూరు చేరేసరికి ఆరింటిలో నాలుగు లేబుళ్లు నీలి మరకలయ్యాయి. ఏది తల్లిదో, ఏది పాలు తాగకముందు పిల్లదో తెలియదు. రంగు చూసి ఊహించి రాయాలనిపించింది, నిజం చెప్పాలంటే. రాయలేదు. ఆ నాలుగూ పారేశాను. మిగిలిన రెండింటితో ఏదీ తేలలేదు. అప్పటి నుంచి గుడ్డ ప్లాస్టర్ మీద పెన్సిల్‌తో రాస్తాను. మూత మీద ఒకటి, ఒంటి మీద ఒకటి, నోటుబుక్కులో ఒకటి. పెన్సిల్ రాత తడికి చెరగదు.

కొత్తగా ఒక సులువు దారి కూడా ఉంది. జేఈ సోకిన పందుల ఉమ్మిలోనూ వైరస్ వస్తుందని, టాన్సిల్స్‌లో యాంటీబాడీలు పుట్టాక కూడా కనీసం 25 రోజులు నిలిచి ఉంటుందని 2016లో ప్రయోగాల్లో తేలింది. శుభ్రమైన నూలు తాడును దొడ్డిలో పందుల మూతి ఎత్తులో వేలాడదీస్తే అరగంటలో పోటీపడి నములుతాయి. దాన్ని పిండి ఆ తడిని ట్యూబులో పట్టండి. ఏ పందిదో తెలియకపోయినా ఆ దొడ్డిలో ఉందా లేదా అన్నది తెలుస్తుంది. కాపరికి టెన్షన్ ఉండదు, పందికీ ఉండదు.

చచ్చిపుట్టిన పిల్ల విలువ

పంది మాయ గుండా యాంటీబాడీలు తల్లి నుంచి పిల్లకు దిగవు. పుట్టాక జున్నుపాలలోనే అందుతాయి. ఈ ఒక్క సంగతిని ఎంత వాడుకుంటే అంత లాభం. పాలు తాగకముందు పిల్ల రక్తంలో గానీ, చచ్చిపుట్టిన పిల్ల ఛాతీలోని ద్రవంలో గానీ యాంటీబాడీ ఉంటే, కడుపులో ఉండగానే సోకిందని అర్థం. కాబట్టి ఈనే సమయానికి మనిషి అక్కడ ఉండాలి, లేదా పారేయకుండా ఐసులో పెట్టమని కాపరికి చెప్పి ఉంచాలి.

మెదడు, ప్లీహం, మాయ ముక్కలు చిన్నవిగా వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో (వైరస్‌ను చెడకుండా ఉంచే ద్రవం) పెట్టండి. అవే మరో జత, ముక్కకు పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో. ఎండిపోయినవాటిలో వైరస్ బతికి ఉండే అవకాశం తక్కువ. వాటి విలువ కొలతలోనే. పెద్దగా, తాజాగా చచ్చినవాటిని ముందు చూసుకోండి.

దోమల వేట

దీపాలు పెట్టిన గంటలో వెళ్లండి. పంది దొడ్డి, పక్కనే పశువుల పాక, రెండు చోట్లా. నోటితో పీల్చే ఆస్పిరేటర్, టార్చిలైటు, గుడ్డ కప్పిన కప్పులు చాలు. లైట్ ట్రాప్ ఉంటే దొడ్డి అంచున కట్టి పొద్దున తీయండి. ఎన్ని నిమిషాలు పట్టారో, ఎన్ని దొరికాయో రాయకపోతే వచ్చే వారంతో పోల్చలేరు.

చల్లబరిచి, లెన్సు కింద జాతి విడదీయాలి. క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ చిన్నగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. తొండం మధ్యలో తెల్లటి పట్టీ కనిపిస్తుంది. దాని తోబుట్టువులకూ ఆ పట్టీ ఉంటుంది కాబట్టి మొదట్లో దోమల శాస్త్రం తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలి. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఈ విద్యకు మనకు దగ్గర్లో ఉన్న పెద్ద బడి. ఆడ దోమల్నే, ఒకే జాతివి, యాభైకి మించకుండా ఒక్కో వయల్‌లో వేయండి. పొట్ట ఎర్రగా ఉబ్బినవి వేరుగా ఉంచాలి. వాటిలో వైరస్ దొరికితే అది దోమదా, దాని పొట్టలోని పంది రక్తానిదా చెప్పలేం. ఆ రక్తం ఏ జంతువుదో చూడడానికి మాత్రం అవి పనికొస్తాయి.

మళ్లలో లార్వాల కోసం డిప్పర్‌తో ముంచి లెక్కపెట్టండి. వాడకుండా వదిలేసిన రొయ్యల గుంటల్లో వాననీరు నిలిస్తే అక్కడ కూడా.

ల్యాబులో అడగాల్సిన ప్రశ్నలు

మూడు పొరల ప్యాకింగ్, బయట యూఎన్ 3373 ముద్ర (రోగ శాంపిల్ అని తెలిపే గుర్తు), లోపల చరిత్ర కాగితం. "పంది సీరం, జేఈ పరీక్షించగలరు" అని ఒక్క లైను రాసి పంపితే వాళ్లు జేఈ ఒక్కటే చూస్తారు, నెగెటివ్ అని పంపుతారు, కథ ముగుస్తుంది. ఈత తేదీ, పిల్లల కొలతలు, మీరు లెక్కగట్టిన కాటు తేదీ, ఏవేవి అనుమానిస్తున్నారో రాయండి. జిల్లా వ్యాధి నిర్ధారణ ల్యాబు, తిరుపతిలోని వెటర్నరీ యూనివర్సిటీ మనకు దగ్గర. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ లాంటి ప్రమాదకరమైన అనుమానాలకు భోపాల్‌లోని హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థ. బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్‌ఐ పందుల కోసమే జేఈ ఐజీఎం ఎలీసా (యాంటీబాడీలు పట్టే పరీక్ష) కిట్ తయారుచేసింది. ఐజీఎం అనే యాంటీబాడీ కనిపిస్తే సోకి కొద్ది వారాలే అయిందని గుర్తు.

ఎలీసా పాజిటివ్ వచ్చిందని పండగ చేసుకోవద్దు. జేఈ, వెస్ట్ నైల్, ఇంకా ఆ ఫ్లావీ కుటుంబంలో చాలా వైరస్‌లు ఒకదాని యాంటీబాడీకి ఇంకొకటి స్పందిస్తాయి. యాంటీబాడీ ఏ వైరస్‌ను ఆపగలదో చూసే న్యూట్రలైజేషన్ పరీక్షలో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదాని టైటర్ (యాంటీబాడీ బలాన్ని చెప్పే అంకె) రెండోదానికన్నా నాలుగు రెట్లైనా ఎక్కువుంటే అప్పుడు పేరు చెప్పొచ్చు. అదే పంది రక్తం రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు తీసి, రెండోదానిలో నాలుగు రెట్లు పెరిగితే అది కొత్తగా సోకినదే.

వైరస్ కోసం దాని జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షలతో వరసగా వెళ్లాలి. మొదట జేఈ, స్వైన్ ఫీవర్‌లు, పార్వో, పీఆర్‌ఆర్‌ఎస్. ఏదీ లేకపోతే ఫ్లావీ కుటుంబమంతటినీ పట్టే ప్రైమర్లు (పీసీఆర్‌లో వాడే జన్యు ముక్కలు), తర్వాత గేటా చెందిన ఆల్ఫా కుటుంబానివి. ఏదైనా పట్టుబడితే దాని జన్యు వరస చదివి (సీక్వెన్స్ చేసి) డేటాబేస్‌లో పోల్చండి. అదీ లేకపోతే మెటాజెనోమిక్స్: శాంపిల్‌లో ఉన్న జన్యు పదార్థమంతా చదివి, అందులో వైరస్ ముక్కల్ని ఏరడం. ఖరీదైనది, ఆఖరున వాడేది. వైరస్‌ను పెంచాలంటే దోమ కణాలైన సీ6/36, కోతి కిడ్నీ నుంచి వచ్చిన వీరో కణాలు రెండిట్లోనూ ప్రయత్నించాలి. రెండిట్లోనూ పెరిగేది దోమకాటు వైరస్ అనడానికి మంచి సూచన. దోమ కణాల్లో మాత్రమే పెరిగితే అది దోమకే పరిమితమైన వైరస్ కావచ్చు. జేఈ పెంపకం గట్టి భద్రత ఉన్న బయోసేఫ్టీ లెవెల్-3 ల్యాబులో, టీకా వేసుకున్నవాళ్లతోనే చేయాలి.

జేఈ అని తేలినా పని అయిపోదు. దానిలో అయిదు జీనోటైపులు (జన్యు రకాలు) ఉన్నాయి. మన దేశంలో చాలాకాలం మూడోది ఒక్కటే అనుకున్నాం. 2009లో గోరఖ్‌పూర్ రోగుల్లో ఒకటోది బయటపడింది. 2022లో ఆస్ట్రేలియా తూర్పు, దక్షిణ రాష్ట్రాల్లో ఎనభైకి పైగా పందుల ఫారాల్లో ఎండిన పిల్లలు, చచ్చిపుట్టిన పిల్లలు పడితే, వెతకగా నాలుగోది దొరికింది. అక్కడా మొదట చెప్పింది పంది ఈతలే. తెలిసిన వైరస్ కొత్తచోట, కొత్త రూపంలో రావడం కూడా 'ఎమర్జింగ్' కిందికే వస్తుంది.

దొరికింది, అయితే అదే కారణమా?

వైరస్ కనిపించినంత మాత్రాన పిల్లల్ని చంపింది అదేనని కాదు. ఆరోగ్యంగా ఈనిన పందుల నుంచీ అన్నే శాంపిళ్లు తీసి పోల్చాలి. మెదడు స్లైడ్లలో దెబ్బతిన్న కణాల్లోనే వైరస్ ఉందా అని చూడాలి. తడి పల్లె, మెట్ట పల్లె పోలిక ఇక్కడ అక్కరకొస్తుంది. దోమల లెక్క, నాట్ల తేదీ, వాన, కొంగల గూళ్లు, పందుల పాజిటివ్‌లు ఒకే క్యాలెండర్ మీద గీసి చూడండి. దోమలు పెరిగిన రెండు మూడు వారాలకు పందులు పాజిటివ్ కావడం, ఆ తర్వాత రెండు మూడు నెలలకు ఈతలు చెడడం కనిపిస్తే గొలుసు అతికినట్టే. జిల్లా ఆరోగ్య శాఖలో మెదడువాపు జ్వరాలు చూసేవాళ్లకు మొదటి అనుమానం దగ్గరే చెప్పండి, పేపర్ అచ్చయ్యాక కాదు.

కాపరికి ఫలితం మనమే వెళ్లి చెప్పాలి. పందుల్ని చంపక్కర్లేదని, ఆ నాలుగు రోజులు దాటిన పంది వల్ల దోమకు ఇక అంటదని చెప్పండి. దొడ్డిని ఇళ్లకు దూరంగా జరపడం, రాత్రి దోమతెర కట్టడం, తొలిచూలు పందులకు నాట్ల కాలం చూడి మొదటి సగంలో పడకుండా కట్టు చూసుకోవడం వాళ్ల చేతిలో ఉన్నవి. పొలం రైతు ఒప్పుకుంటే మడికి ఆరుతడి, అంటే మధ్యమధ్య నీళ్లు ఆరనివ్వడం.

కోవూరు పక్క పల్లెకు మళ్లీ వెళ్లింది ఆ ఏడు సెప్టెంబరులో, చెవి ట్యాగులు పట్టుకుని. దొడ్డి తడిక మీద బొగ్గుతో గీతలున్నాయి, పందికో వరస. మగపంది దాటిన నాటి నుంచి రోజుకో గీత పెడుతోందట మనవరాలు. "నువ్వు పోయినసారి అదే అడిగినావు గదా సామీ" అంది ముసలమ్మ. వాటిని లెక్కపెట్టి, పెన్సిల్‌తో నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. మూడో వరసలో 31 గీతలున్నాయి. మొదటి రక్తం ఆ దొడ్డిలోని లేత పందుల నుంచే తీశాం.